ప్రాథమిక తరగతి గదిలో ఒక వారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటి నుంచి ఐదు తరగతులకు బోధించే ఉపాధ్యాయులు, ఆ తరగతుల్లో చదివే పిల్లల తల్లిదండ్రులు వారం ప్రణాళిక గురించి, కృత్యాల గురించి అడిగే సందేహాలు ప్రతి విద్యా సంవత్సరం ఆరంభంలోనూ దాదాపు అవే మాటల్లో తిరిగి వస్తుంటాయి. వాటిని వారం గడిచే క్రమంలో ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. సోమవారం అన్నచోట మీ బడిలో వారం మొదలయ్యే రోజు అనీ, శుక్రవారం అన్నచోట వారం ముగిసే రోజు అనీ అనుకోండి.

## వారం మొదలయ్యే ముందు

రోజువారీ పాఠ ప్రణాళిక రాస్తూనే ఉన్నాం కదా, మళ్ళీ వారం ప్రణాళిక ఎందుకు?

రోజు ప్రణాళిక ఆ రోజు ఏం చెప్పాలో చూపిస్తుంది గాని, చెప్పినది మళ్ళీ ఎప్పుడు పిల్లల ముందుకు వస్తుందో చూపించదు. ప్రాథమిక తరగతుల్లో అసలు చిక్కు అక్కడే ఉంది. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షర సమూహాలను తానే కంఠస్థం చేసి, వాటిని ఎంత త్వరగా మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ఆ ఫలితాలను ప్రచురించాడు. మరపు తొలి గంటల్లోనే చాలా వేగంగా జరుగుతుందనీ, ఒకే రోజు పదేపదే వల్లించిన దానికన్నా కొన్ని రోజుల ఎడంతో మళ్ళీ చూసినది తక్కువ శ్రమతో నిలుస్తుందనీ వాటిలో తేలింది. ఈ రెండో విషయాన్ని తర్వాతి ప్రయోగాలు బడి పిల్లల్లోనూ చూపించాయి. కాబట్టి సోమవారం నలభై నిమిషాలు చెప్పి వదిలేసిన స్థానవిలువ కన్నా, సోమవారం ఇరవై, బుధవారం పది, శుక్రవారం పది నిమిషాలుగా విడగొట్టి చెప్పిన స్థానవిలువ పిల్లలకు ఎక్కువ కాలం గుర్తుంటుంది. మొత్తం సమయం పెరగలేదు, పంపకం మాత్రమే మారింది. ఆ పంపకం కంటికి కనబడాలంటే వారమంతా ఒకే కాగితం మీద ఉండాలి.

ప్రణాళిక ఎంత వివరంగా రాయాలి? రాయడానికే సెలవు రోజు అయిపోతోంది.

ఒక పేజీ చాలు. అడ్డంగా రోజులు, నిలువుగా సబ్జెక్టులు గీసి, ప్రతి గడిలో పిల్లలు ఏం చేయగలగాలో, అందుకోసం చేసే పని ఏమిటో, అడగబోయే ముఖ్యమైన ప్రశ్న ఏమిటో రాసుకుంటే సరిపోతుంది. ప్రశ్నను మాత్రం తరగతిలో అడగబోయే మాటల్లోనే రాసుకోవాలి. "భిన్నాల భావన చర్చించడం" అని రాసుకున్నవారు తరగతిలోకి వెళ్ళాక ఏం అడగాలో వెతుక్కోవలసి వస్తుంది. "ఈ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను, అందులో ఒకటి మిగతావాటికన్నా పెద్దది, దీన్ని నాలుగో వంతు అనవచ్చా?" అని రాసుకున్నవారికి పాఠం సగం సిద్ధమైనట్టే. ఉద్దేశాలు, విలువలు, సామర్థ్యాలు అంటూ నింపే పెద్ద పెద్ద ఫారాలు తనిఖీకి పనికొస్తాయేమో గాని, పాఠం మధ్యలో వాటిని తెరిచి చూసినవారు అరుదు.

వారంలో కనీసం రెండు పీరియడ్లు ఖాళీగా ఉంచండి. వాటిని నింపడానికి ఏదో ఒకటి తప్పకుండా వస్తుంది.

రోజులో ఏ సమయానికి ఏ సబ్జెక్టు పెట్టాలి?

ఉదయం గణితం, మధ్యాహ్నం చిత్రలేఖనం అన్న అలవాటు తప్పేమీ కాదు, శాసనమూ కాదు. కొత్త భావన పరిచయం చేసే పీరియడ్ పిల్లలు అలసిపోయిన వేళకు పడకుండా చూసుకోవాలి; అంతకుమించి పట్టింపు అక్కర్లేదు. ఒకే సబ్జెక్టు వారమంతా చివరి పీరియడ్‌లోనే ఉంటే ఆ సబ్జెక్టే నష్టపోతుంది కాబట్టి వీలైతే స్థానాలు మార్చండి.

చిన్న పిల్లలు ఒక పని మీద ఎంతసేపు నిలబడగలరు?

వయసును బట్టి ఇన్ని నిమిషాలని చెప్పే సూత్రాలు చాలా ప్రచారంలో ఉన్నా, అవి తరగతి గదిలో అంతగా నిలబడవు. రెండో తరగతి పిల్లవాడు చీమల బారును అరగంట కదలకుండా చూడగలడు, అదే పిల్లవాడు నల్లబల్ల మీది రాతను చూసి రాయమంటే ఐదు నిమిషాలకే పెన్సిల్ చెక్కడానికి లేస్తాడు. పని స్వభావమే వ్యవధిని నిర్ణయిస్తుంది. ఆచరణలో మాత్రం వినడం, చేయడం, మాట్లాడడం, రాయడం ఒకే పీరియడ్‌లో కనీసం ఒకసారి మారేలా చూసుకుంటే ఒకటి, రెండు తరగతుల్లో చాలావరకు ఇబ్బంది ఉండదు.

గోడలన్నీ చార్టులతో నింపితే పిల్లలకు మంచిదా?

కొంతవరకే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బడి తొలిమెట్టు పిల్లలకు ఒకే రకమైన సైన్సు పాఠాలను కొన్నింటిని బొమ్మలతో నిండిన గదిలో, కొన్నింటిని ఖాళీ గోడల గదిలో చెప్పి చూశారు. నిండిన గదిలో పిల్లల దృష్టి పాఠం నుంచి ఎక్కువసేపు పక్కకు పోయింది, నేర్చుకున్నదీ తగ్గింది. అలాగని గోడలను బోసిగా వదలాలని కాదు. ఆ వారం వాడుతున్న చార్టులు, పిల్లలు ఆ వారం చేసిన పనులు ఉంచి, పాతవి తీసేస్తూ ఉండాలి. నల్లబల్ల పక్కనున్న గోడ మాత్రం వీలైనంత ఖాళీగా ఉండటమే మేలు.

కృత్యాలకు సామగ్రి కొనాల్సి ఉంటుందా?

చాలావాటికి అక్కర్లేదు. పుల్లలు, దారం, గులకరాళ్ళు, పాత కాగితాలు, సీసా మూతలు, ఒక స్కేలు ఉంటే ఐదో తరగతి వరకు గణితంలో చాలా భావనలు చూపించవచ్చు. కొన్న సామగ్రితో వచ్చే చిక్కు ఏమిటంటే, పాడవుతుందన్న భయంతో అది పిల్లల చేతికి కాకుండా బీరువాలోకి వెళ్తుంది.

## వారం మొదటి రోజు

సోమవారం పిల్లలు అన్నీ మరిచిపోయి వస్తారు. పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పాలా?

చెప్పవద్దు, ముందు అడగండి. మరిచిపోయినట్టు కనిపించడం, నిజంగా పోగొట్టుకోవడం ఒకటి కావు. రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థులకు ఒక గద్యభాగం ఇచ్చి, కొందరిచేత దాన్ని మళ్ళీ చదివించారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవారే మెరుగ్గా ఉన్నారు, వారం తర్వాత చూస్తే గుర్తుచేసుకుని రాసినవారు ముందున్నారు. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నది కళాశాల విద్యార్థులే అయినా, గుర్తుచేసుకునే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందన్న ఫలితం తర్వాత బడి వయసు పిల్లలతో చేసిన ప్రయోగాల్లోనూ కనిపించింది.

అందువల్ల సోమవారం మొదటి పది నిమిషాలు పలకల మీద నాలుగైదు ప్రశ్నలతో గడపడం మంచిది. రెండు ప్రశ్నలు గత వారానివి, ఒకటి గత నెలది, ఒకటి పిల్లలందరూ చేయగలిగేది ఉండాలి. మార్కులు వేయకూడదు. పలకలు ఒక్కసారిగా ఎత్తి చూపిస్తే ఎవరికి ఏది పోయిందో మీకు ఒక్క చూపులో తెలుస్తుంది, ఎక్కువమందికి పోయినదాన్ని మాత్రమే మళ్ళీ చెప్పవచ్చు.

కొత్త పాఠాన్ని ఎలా మొదలుపెట్టాలి?

పిల్లలకు అప్పటికే ఏం తెలుసో బయటికి తీయడంతో మొదలుపెట్టాలి. నల్లబల్లను మూడు నిలువు గడులుగా విభజించి, మొదటి దానిలో తెలిసింది, రెండో దానిలో తెలుసుకోవాలనుకుంటున్నది, వారం చివర మూడో దానిలో తెలుసుకున్నది రాసే పద్ధతిని డోనా ఓగిల్ 1986లో ప్రతిపాదించారు, ఇప్పటికీ అది చాలా దేశాల్లో వాడుకలో ఉంది. మొదటి గడిలో పిల్లలు తప్పులు చెబుతారు. వాటిని అక్కడికక్కడే దిద్దకుండా అలాగే రాయాలి. "చంద్రుడు రాత్రి మాత్రమే కనిపిస్తాడు" అని సోమవారం రాసిన వాక్యాన్ని పగటిపూట చంద్రుణ్ణి చూసివచ్చిన పిల్లలే శుక్రవారం కొట్టేస్తే, ఆ దిద్దుబాటు మీరు చెప్పినదానికన్నా గట్టిగా నిలుస్తుంది. అయితే చంద్రుడు పగలు ఏ వేళ కనిపిస్తాడన్నది తిథిని బట్టి మారుతుంది కాబట్టి ఆ పాఠానికి సరైన వారాన్ని ఎంచుకోవాలి.

రెండో గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. తెలియని విషయం గురించి ఏం తెలుసుకోవాలో పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఒక వస్తువో, బొమ్మో చూపించాక ఆ గడిని నింపమనడం మేలు.

ఏ ప్రశ్న అడిగినా ఎప్పుడూ ఆ నలుగురే చేతులెత్తుతారు. మిగతావారిని ఎలా మాట్లాడించాలి?

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో ముందు గమనించండి. మేరీ బడ్ రోవ్ అనే విద్యావేత్త తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి పరిశీలించినప్పుడు, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పైగా పెంచినప్పుడు జవాబుల నిడివి పెరిగింది, మౌనంగా ఉండిపోయేవారు తగ్గారు, సాధారణంగా నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు. మూడు సెకన్లు చెప్పడానికి చిన్నవే గాని, నలభై మంది మీవైపు చూస్తుండగా ఆగితే చాలా పొడవుగా అనిపిస్తాయి. మనసులో మెల్లగా అంకెలు లెక్కపెట్టుకోవడం ఒక ఉపాయం.

రెండోది, చేతులెత్తమనడం మానేసి, ముందు ఒంటరిగా ఆలోచించి, తర్వాత పక్కవారితో చెప్పుకుని, ఆ తర్వాత తరగతికి చెప్పమనడం. 1981లో ఫ్రాంక్ లైమన్ రూపొందించిన ఈ క్రమంలో పిల్లవాడు తన జవాబును ఒకసారి పక్కవాడి ముందు పరీక్షించుకున్నాక లేస్తాడు కాబట్టి బెరుకు తగ్గుతుంది. మొదటి మెట్టును తొందరలో దాటేయడం మామూలుగా జరిగేదే. అప్పుడు జంటలో చురుకైనవాడు చెబుతాడు, రెండోవాడు తలూపుతాడు. అందుకే మాట్లాడుకునే ముందు ప్రతివారూ పలక మీద ఒక్క మాటైనా రాయాలన్న నియమం పెట్టుకోండి.

## వారం మధ్యలో

వారమంతా సాగే కృత్యం ఒకటి వివరంగా చెప్పండి.

మూడు, నాలుగు తరగతులకు గింజల మొలకెత్తడం చక్కగా సరిపోతుంది. సోమవారం మొదలుపెడితే శుక్రవారానికి ఫలితం చేతికి వస్తుంది. పెసలు వెచ్చని వాతావరణంలో ఒకటి రెండు రోజుల్లోనే వేరు పొడుచుకొస్తాయి కాబట్టి అవి అనువైనవి. చలి ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు.

సోమవారం పిల్లలు పొడి గింజలను చూసి గీస్తారు. తర్వాత నాలుగు పారదర్శకమైన గ్లాసులు తీసుకుని, మొదటిదానిలో తడి దూది మీద గింజలు వేసి కిటికీ దగ్గర, రెండోదాన్ని అలాగే సిద్ధం చేసి బీరువాలో చీకట్లో, మూడోదానిలో పొడి దూది మీద గింజలు, నాలుగోదానిలో గింజలు పూర్తిగా మునిగిపోయేన్ని నీళ్ళు పోసి ఉంచుతారు. అన్నిటిలోనూ నానబెట్టని గింజలే వేయాలి, లేకపోతే మూడో గ్లాసు ఫలితం తారుమారవుతుంది. విడిగా కొన్ని గింజలను నానబెట్టి ఉంచితే మంగళవారం పొట్టు తీసి, బద్దలు విప్పి, లోపల నక్కి ఉన్న చిన్న మొక్కను చూపించవచ్చు. పిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా మాట్లాడేది దీని గురించే.

గ్లాసులు సర్దగానే, ఏ గ్లాసులో మొలకలు వస్తాయో, ఎందుకో ప్రతి పిల్లవాడూ రాసి పెట్టాలి. ఈ మెట్టును వదిలేస్తే కృత్యం వినోదంగా మిగిలిపోతుంది. చీకట్లో గింజ మొలకెత్తదని చాలామంది రాస్తారు. బుధ, గురువారాల్లో చీకటి గ్లాసులోనూ మొలకలు కనబడతాయి, ఆ తర్వాతి రోజుల్లో అవి పాలిపోయి సన్నగా పొడవుగా సాగుతాయి, వెలుతురులోనివి పొట్టిగా పచ్చగా ఉంటాయి. గింజలో నిలవ ఉన్న ఆహారం మొలకెత్తడానికి సరిపోతుందనీ, వెలుతురు అవసరం ఆ తర్వాత మొదలవుతుందనీ అప్పుడు చెబితే ఆ మాట వెళ్ళి కూర్చోవడానికి పిల్లల తలల్లో చోటు సిద్ధంగా ఉంటుంది. మునిగిన గింజలు ఉబ్బుతాయి, కొన్ని చిట్లుతాయి, కాని గాలి అందక ఎదుగుదల ఆగి, నీళ్ళు వాసన వేయడం మొదలవుతుంది. నీళ్ళు ఎక్కువైతే ఎందుకు నష్టమో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

గురువారం నుంచి వేరు పొడవు మిల్లీమీటర్లలో కొలిపించండి. స్కేలు అంచును సున్నాగా భావించడం ఈ వయసు పిల్లలు చేసే మామూలు పొరపాటు, అది ఇక్కడే బయటపడుతుంది. వంకర తిరిగిన వేరును దారంతో కొలిచి, దారాన్ని స్కేలు మీద పరచాలన్న ఆలోచన పిల్లల నుంచే వచ్చేదాకా కాస్త ఓపిక పట్టాలి. శుక్రవారం కొలతలతో నిలువు పట్టీల పటం గీస్తారు. రోజూ తేదీ వేసి రెండు వాక్యాలు రాస్తే భాషా పీరియడ్‌కు కావలసిన రాత పనీ అందులోనే సమకూరుతుంది. ఇదే అంశం మీద పాట, నాటకం, రంగుల చిత్రం కూడా చేయించాలన్న తాపత్రయం వద్దు. అన్ని సబ్జెక్టులనూ ఒకే గింజకు కట్టేస్తే సైన్సు పలచబడుతుంది.

గణితంలో కృత్యాలకు సమయం పోతే లెక్కలు ఎప్పుడు చేయించాలి?

కృత్యం లెక్కకు బదులుగా రాకూడదు, లెక్కలోకి దారి తీయాలి. 43 నుంచి 17 తీసివేయమంటే చాలామంది పిల్లలు 34 అని రాస్తారు. వారు తీసివేత రాక తప్పు చేయలేదు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసివేయాలన్న తమ సొంత నియమాన్ని శ్రద్ధగా పాటించారు. ఇంకో ఇరవై లెక్కలు ఇస్తే ఆ నియమాన్నే ఇంకో ఇరవైసార్లు సాధన చేస్తారు. వారి చేతికి పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు మూడు ఇచ్చి పదిహేడు ఇవ్వమని అడిగితే, మూడు పుల్లల నుంచి ఏడు ఇవ్వలేనని గ్రహించి ఒక కట్ట విప్పుతారు. విప్పడమే ఆ పాఠం.

అయితే వారమంతా పుల్లలతోనే గడిపితే అంకెల దాకా చేరరు. చేతితో చేయడం, బొమ్మగా చూడడం, గుర్తులతో రాయడం అనే మూడు రూపాలను జెరోమ్ బ్రూనర్ 1960ల్లో వివరించాడు. వాటిని వారం మీద పరవవచ్చు. సోమవారం పుల్లలు, మంగళవారం కట్టలకు గీతలు, విడి పుల్లలకు చుక్కలు గీసి చేయడం, బుధవారం పుల్లల పక్కనే అంకెలు రాస్తూ ప్రతి కదలికనూ రాతలో చూపడం, గురువారం అంకెలు మాత్రమే, శుక్రవారం కూడికలూ తీసివేతలూ కలిసిన నాలుగు రాత సమస్యలు. కట్ట విప్పకుండా నలభై మూడు పుల్లలనూ విడదీసుకుని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పిల్లలు కొందరుంటారు. వారి జవాబు సరిగ్గానే వస్తుంది, స్థానవిలువ మాత్రం రాలేదని అర్థం. అందుకే జవాబు కన్నా చేతుల మీద కన్ను ఉంచాలి.

చదవడం రోజూ ఎలా చేయించాలి? గట్టిగా చదివిస్తే వస్తుందా?

ఒకరి తర్వాత ఒకరు లేచి ఒక్కో వాక్యం చదివే పద్ధతిలో ప్రతి పిల్లవాడికీ దక్కేది ఒక వాక్యం, మిగతా సమయమంతా తన వంతు కోసం ఎదురుచూపే. దానికి బదులు ఒక చిన్న పాఠ్యభాగాన్ని వారమంతా వేర్వేరు రీతుల్లో తిప్పండి. మొదటి రోజు ఉపాధ్యాయులు భావయుక్తంగా చదివి వినిపించాలి, రెండో రోజు అందరూ కలిసి వేలు పెట్టి చదవాలి, తర్వాత జంటలుగా ఒకరు చదువుతుంటే ఒకరు వింటూ ఆగినచోట అందించాలి, ఆపై ఎవరికి వారు చదువుకోవాలి, చివరి రోజు పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పాలి.

దీనితో ఒక ప్రమాదం ఉంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు మూడు రోజుల్లో పాఠాన్ని కంఠస్థం చేసి, అక్షరాల వైపు చూడకుండానే ధారాళంగా అప్పజెప్పేస్తారు. నిజంగా చదువుతున్నారో లేదో తెలియాలంటే పేరా మధ్యలోంచి ఒక మాట చూపించి అడగండి, లేదా అవే అక్షరాలతో, అవే ఒత్తులతో పాఠంలో లేని కొత్త వాక్యం నల్లబల్ల మీద రాసి చదివించండి. వీటితో పాటు రోజూ పది నిమిషాలు పిల్లల చదివే స్థాయికి మించిన కథ ఏదైనా మీరే చదివి వినిపిస్తే, చదవలేని పిల్లల పదసంపద కూడా ఆగిపోకుండా పెరుగుతుంది.

గ్రూపు పనిలో ఒకరిద్దరే చేస్తారు, మిగతావాళ్ళు కూర్చుంటారు. ఏం చేయాలి?

పనిని ఒక్కరు చేయగలిగేలా ఇస్తే ఒక్కరే చేస్తారు, అది పిల్లల తప్పు కాదు. ఎలియట్ ఆరన్‌సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరపు బడుల్లో ప్రవేశపెట్టిన పద్ధతిలో పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఒకే ముక్క అందిన పిల్లలు వేర్వేరు జట్ల నుంచి వచ్చి ఒకచోట చేరి దాన్ని నేర్చుకుని, తిరిగి తమ జట్టుకు వెళ్ళి చెబుతారు. ఎవరి ముక్క లేకపోయినా పాఠం పూర్తికాదు కాబట్టి మౌనంగా ఉండే పిల్లవాడి మాట కోసమూ మిగతావారు చెవులు రిక్కిస్తారు. నాలుగు, ఐదు తరగతుల్లో ఇది బాగా నడుస్తుంది. అంతకన్నా చిన్నవారికి ఇద్దరిద్దరి జంటలే మేలు.

తొందరగా ముగించేసిన పిల్లలు గోల చేస్తున్నారు. వాళ్ళకు ఇంకా లెక్కలు ఇవ్వాలా?

అవే రకం లెక్కలు ఇంకా ఇస్తే, త్వరగా చేయడానికి ఎక్కువ పనే శిక్ష అని పిల్లలు గ్రహించి మెల్లగా చేయడం మొదలుపెడతారు. దానికి బదులు అదే భావనను తిరగేసి ఇవ్వండి: "జవాబు 26 వచ్చేలా మూడు తీసివేతలు మీరే తయారుచేయండి, ఒకదానిలో పదుల స్థానం విప్పవలసి రావాలి." ఇలాంటి ప్రశ్నకు ముగింపు ఉండదు, దిద్దడమూ తేలికే.

వెనకబడిన పిల్లలకు వేరే పాఠం చెప్పాలా?

వారమంతా వేరే పాఠం చెప్పడం వల్ల వారు తరగతి నుంచి మరింత దూరమవుతారని నా అభిప్రాయం. పిల్లవాడు ఒంటరిగా చేయలేనిది, తెలిసినవారి తోడుతో చేయగలిగేది ఒక పరిధి ఉంటుందనీ, నేర్చుకోవడం ఆ పరిధిలో జరుగుతుందనీ సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ చెప్పాడు. ఆచరణలో దీని అర్థం, పాఠం ఒకటే ఉంచి ఆసరా మార్చడం. రాత సమస్యను చదవలేని పిల్లవాడికి ఎవరైనా చదివి వినిపించాలి, ఎక్కాలు రానివాడికి ఎక్కాల పట్టిక ముందు పెట్టాలి, వాక్యం రాయలేనివాడికి వాక్యం మొదలు ఇచ్చి పూర్తిచేయమనాలి.

దీనికి తోడు, మిగతా పిల్లలు సొంతంగా పనిచేసుకుంటున్నప్పుడు నలుగురైదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని పదిహేను నిమిషాలు చెప్పడం వారంలో మూడుసార్లయినా జరగాలి. ఆ జట్టులో ఎవరుండాలో ప్రతి వారం మళ్ళీ నిర్ణయించండి. ఏడాది మొదట్లో చేసిన జట్లు ఏడాదంతా కదలకపోతే అవి పిల్లలకు పేర్లుగా మారిపోతాయి.

మా పాప చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకోలేదు. అందుకు తగ్గట్టు బోధిస్తారా?

పిల్లల్లో చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు అని రకాలుంటారన్న నమ్మకం చాలా వ్యాప్తిలో ఉంది. పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వవేత్తలు 2008లో అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించి, రకానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఇష్టాలు ఉండటం నిజమే. కాని పటం చూడకుండా భూగోళం, వినకుండా పద్యం ఎవరికీ రావు. ఏ రూపం వాడాలో విషయమే నిర్ణయిస్తుంది.

ఒకే గదిలో రెండు మూడు తరగతులు ఉంటే వారం ప్రణాళిక ఎలా?

ఒకే అంశాన్ని అన్ని తరగతులకూ వేర్వేరు లోతుల్లో ఇవ్వడం ఉత్తమం. కొలతల వారంలో ఒకటో తరగతి జానలతో, రెండో తరగతి సెంటీమీటర్లతో, మూడో తరగతి చుట్టుకొలతతో పనిచేయవచ్చు. పరిచయం అందరికీ కలిపి పది నిమిషాలు, తర్వాత ఒక తరగతితో మీరు, మిగతావారు సొంత పనితో. ప్రణాళికలో కష్టమంతా ఈ సొంత పనిలోనే ఉంది: మీ సాయం లేకుండా పదిహేను నిమిషాలు నడిచేదై ఉండాలి, అందుకు ఎలా చేయాలో అందరికీ ముందే అలవాటైన పనే అయి ఉండాలి. కొత్త రకం వర్క్‌షీట్‌ను సొంత పనిగా ఇస్తే ఆ పీరియడ్ మొత్తం "సార్, ఇదెలా?" అన్న ప్రశ్నలకే పోతుంది.

పాఠాలు వెనకబడితే ఆటల పీరియడ్ వాడుకోవచ్చా?

వాడుకోకూడదు. 5 నుంచి 17 ఏళ్ళ వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది, చాలామంది పిల్లలకు అందులో బడిలో దొరికేదే ముఖ్య భాగం. లెక్కలు చేయనందుకు శిక్షగా ఆట మాన్పించడం మరీ తప్పు, కదలకుండా కూర్చోలేని పిల్లలే ఆ శిక్షకు ఎక్కువగా గురవుతారు.

## వారం చివర

ప్రతి శుక్రవారం పరీక్ష పెట్టాలా?

గుర్తుచేసుకోవడం వల్ల లాభం ఉంది, మార్కుల వల్ల ఈ వయసులో పెద్దగా లేదు. అందుకని పది ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టి, పిల్లలచేతనే దిద్దించి, మార్కులు ఎక్కడా నమోదు చేయకుండా వదిలేయవచ్చు. ఉక్తలేఖనానికి మాటలను పాఠ్యపుస్తకం వెనకనుంచి కాకుండా ఆ వారం పిల్లలు తమ రాతలో తప్పుగా రాసిన వాటినుంచి ఎంచుకోండి. మిగతా సమయాన్ని ప్రదర్శనకు ఇవ్వవచ్చు: వారంలో చేసిన ఒక పనిని పక్క జట్టుకు వివరించడం, వారు అడిగిన ఒక ప్రశ్నకు జవాబు చెప్పడం. వివరించలేకపోవడం దాచుకోలేని విషయం కాబట్టి, ఎవరికి ఏది సగమే అర్థమైందో పరీక్ష కన్నా ఇందులో త్వరగా బయటపడుతుంది.

నోటు పుస్తకాలన్నీ దిద్దడం సాధ్యమేనా?

అన్నీ రోజూ దిద్దడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. రోజుకు ఐదోవంతు పుస్తకాలు తీసుకుంటే వారంలో అందరివీ ఒకసారి శ్రద్ధగా చూసినట్టవుతుంది. ఏం రాయాలన్నది ఇంకా ముఖ్యం. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో ఐదు, ఆరు తరగతుల పిల్లల్లో కొందరికి మార్కులు, కొందరికి వ్యాఖ్యలు, కొందరికి రెండూ ఇచ్చి చూస్తే, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవారిలో ఆసక్తి, పనితీరు మెరుగ్గా ఉన్నాయి. రెండూ ఇచ్చినచోట మార్కులు వ్యాఖ్యల ఫలితాన్ని మింగేశాయి. "బాగుంది" అన్నది వ్యాఖ్య కాదు. "మూడో లెక్కలో పదుల స్థానం మళ్ళీ చూడు" అన్నది వ్యాఖ్య. దాన్ని చూసి సరిచేయడానికి పిల్లలకు తరగతిలోనే ఐదు నిమిషాలు ఇవ్వకపోతే ఎంత మంచి వ్యాఖ్య రాసినా వృథాయే.

హోంవర్క్ ఎంత ఇవ్వాలి?

హోంవర్క్ పరిశోధనలను సమీక్షించిన హ్యారిస్ కూపర్, పై తరగతులతో పోలిస్తే ప్రాథమిక తరగతుల్లో హోంవర్క్‌కూ చదువులో ప్రగతికీ మధ్య సంబంధం చాలా బలహీనంగా ఉందని చూపించాడు. తరగతికి పది నిమిషాల చొప్పున, అంటే ఒకటో తరగతికి పది, మూడో తరగతికి ముప్పై నిమిషాలకు మించకూడదన్న లెక్క చాలాచోట్ల వాడుకలో ఉంది. దాన్ని గరిష్ఠ పరిమితిగా తీసుకోవాలే గాని లక్ష్యంగా కాదు. ఇచ్చే పని పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదై ఉండాలి. కొత్త భావనను ఇంటికి పంపితే అది తల్లిదండ్రుల హోంవర్క్ అవుతుంది.

బడిలో ఏం చేశావని అడిగితే మా బాబు "ఏమీ లేదు" అంటాడు. వారంలో ఏం జరిగిందో మాకెలా తెలుస్తుంది?

రోజంతటినీ ఒక్క మాటలో చెప్పమంటే పెద్దలకూ కష్టమే. ప్రశ్నను చిన్నది చేయండి: "గ్లాసులో గింజలు ఇవాళ ఎలా ఉన్నాయి?", "నీ పక్కన ఎవరు కూర్చున్నారు, ఏం చెప్పారు?" ఇలా అడగాలంటే ఆ వారం ఏం జరుగుతోందో తెలియాలి కాబట్టి, సోమవారం తరగతి నుంచి నాలుగు వాక్యాల సమాచారం ఇంటికి పంపమని ఉపాధ్యాయులను అడగండి. పిల్లవాడు తప్పు చెప్పినా వెంటనే దిద్దకుండా "నీకెలా తెలిసింది?" అని అడిగితే సంభాషణ ముందుకు సాగుతుంది.

వారం మధ్యలో సెలవు వచ్చినా, అనుకున్నవి పూర్తికాకపోయినా ఏం చేయాలి?

మిగిలిన వాటన్నిటినీ తర్వాతి వారంలోకి నెట్టకండి, రెండు వారాల్లోనే ప్రణాళిక మోయలేనంత బరువవుతుంది. ముందు కొత్త అంశాలను తగ్గించండి, పునశ్చరణను మాత్రం కదిలించకండి. ఒత్తిడి వచ్చినప్పుడు మనం సహజంగా దీనికి తలకిందులుగా చేస్తాం: కొత్త పాఠం ముగించడానికి పునశ్చరణను వదిలేస్తాం, దాంతో పాఠం పుస్తకంలో పూర్తవుతుంది, పిల్లల్లో కాదు. వారం ముగిశాక ప్రణాళిక కాగితం మీదే ఎరుపు సిరాతో రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. సోమవారం పలకల మీద మళ్ళీ అడగవలసిన భావన ఒకటి, పక్కన కూర్చోబెట్టుకుని చూడవలసిన పిల్లల పేర్లు రెండోది. తర్వాతి వారం ప్రణాళికలో మొదట నింపవలసిన గడులు ఇవే.